చలివేకువ ప్రయాణము – గొంగడి కోటు

మార్గశిర పుష్యమాసముల చలి మన నల్లగొండ మెట్టసీమకు క్రొత్త కాదు. పూర్వము వేకువనే ఊరు విడుచువాడు కాలినడకను గాని, ఎడ్లబండి మీద గాని పోయెడివాడు. నడకయే దేహమునకు వేడి నిచ్చెడిది. బండిలో గడ్డి పఱచుకొని గొంగడి కప్పుకొన్న చాలియుండెడిది. నేడన్ననో, పాలకేనులు కట్టుకొని పోవువాడును, కూరగాయలు సంతకు చేర్చువాడును, భువనగిరికో హైదరాబాదునకో పనికి పోవు కుఱ్ఱవాడును, ధనుర్మాసమున యాదగిరిగుట్ట స్వామి దర్శనమునకు తెల్లవాఱకముందే బయలుదేరు భక్తుడును మోటారుసైకిలు మీదనే పోవుచున్నారు. కదలక కూర్చుండి గాలి కెదురుగ పోవు ఈ ప్రయాణమున చలి యొక క్రొత్త శత్రువు. దానిని తక్కువ వ్యయముతో, ఇంటనే కుట్టుకొన్న కోటుతో, ఎట్లు జయింపవచ్చునో మనవి చేసెదను.

మొదట శత్రువు బలము నెఱుగవలెను. గాలి నిలుకడగా నున్నప్పుడు 10 డిగ్రీల చలి మనకు సహ్యమే. కాని గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవువానికి, వాతావరణ శాస్త్రజ్ఞుల లెక్క ననుసరించి, అది 5 డిగ్రీల చలివలె తగులును. దేహము తన ప్రాణస్థానములను కాపాడుకొనుటకై చేతివ్రేళ్లకు పోవు నెత్తురును తగ్గించును. వ్రేళ్లు కొంకర్లు పోవును. బ్రేకు పట్టుటలో ఆలస్యమగును. గంటకు 50 కిలోమీటర్ల వేగమున బండి ఒక్క సెకనులో 14 మీటర్లు పోవును. అర సెకను ఆలస్యమైన 7 మీటర్లు అధికముగా పోయినట్లే. మంచులో ఎదుట నిలిచియున్న లారీకిని, మన పిల్లవానికిని నడుమ ఆ 7 మీటర్లే ఉండవచ్చును. కావున ఇది సుఖమునకు సంబంధించిన మాట కాదు, ప్రాణమునకు సంబంధించిన మాట.

కల్లో సారాయో త్రాగిన వేడి పుట్టునను మాట వట్టి భ్రమ. మత్తు చర్మమునందలి నాళములను విప్పును. అందుచే వెచ్చగా తోచును గాని లోపలి వేడి వెలికి పోవును. చలియు హెచ్చును, తెలివియు తగ్గును.

ఇక ఉపాయము. దీనికి మూడు మెట్లు. మొదట గాలిని ఆపవలెను. పిదప ఉన్న వేడిని నిలుపవలెను. ఆ రెండును చేసిన పిమ్మటనే క్రొత్త వేడిని చేర్చవలెను. ఈ వరుస తప్పినచో, తలుపులు తెఱచి కుంపటి పెట్టుకొన్నట్లగును.

గాలిని ఆపుటకు వానకోటు చాలును. అది లేనిచో, చొక్కాకును పై కోటుకును నడుమ రొమ్ముమీద రెండు మూడు మడతల వార్తాపత్రిక పెట్టుకొనుడు. ఐరోపా ఖండమున సైకిలు పందెగాండ్రు కొండలు దిగునప్పుడు చిరకాలముగా ఇట్లే చేయుచున్నారు. జెర్కినును వెనుక ముందుగా తొడిగికొను మన పల్లె కుఱ్ఱవాండ్రును ఈ సూత్రము నెఱిగినవారే. ముందు గుండీలుండిన వాని సందులగుండ గాలి దూరును గదా!

వేడిని నిలుపుటకు మన కురుమల గొంగడిని మించినది లేదు. దక్కను నల్లగొఱ్ఱె ఉన్ని ముతకది, గుచ్చుకొనును, నిజమే. కాని తడిసినను వెచ్చదనమును పూర్తిగా విడువదు. నిప్పు తగిలినచో నైలానువలె కరిగి మేని కంటుకొనదు, కమిలి నల్లబడును. విద్యుత్తు తీగ ప్రక్కన నుండదగిన గుడ్డ కిది గొప్ప గుణము. అయితే గొంగడిని కప్పుకొని మోటారుసైకి లెక్కుట మహాపాయము. చెంగు గాలికి లేచి చక్రమునకో గొలుసునకో చుట్టుకొనును. మెడగుడ్డ కొనలకును ఇదే నియమము. వానిని లోపలికి దోపవలెను. కావున పాత గొంగడిని కప్పుకొనక, కత్తిరించి కోటుగా కుట్టుకొనవలెను.

కుట్టు విధము సులభము. భుజముల వెడల్పున, నడుము దాక వచ్చునట్లు, ముందుకును వెనుకకును రెండు ముక్కలు కత్తిరింపుడు. భుజములపై కలిపి, తల దూరుటకు చోటు విడువుడు. ప్రక్కల కుట్టక, నాడాలు పెట్టి ముడివేయునట్లు చేయుడు. ముందు భాగమున గుండీలు వలదు. ఉన్ని గుచ్చుకొనకుండ లోపల పాత దుప్పటి గుడ్డ వేసి కుట్టుడు. పెక్కుమందికి ఇంతమాత్రమే చాలును.

చాలనివారికి మూడవ మెట్టు. రెండవ ప్రపంచ సంగ్రామమున ఎత్తున ఎగురు విమానముల సిబ్బంది విద్యుత్తుచే వేడెక్కు దుస్తులు తొడిగిరి. ఆ తంత్రమునే మనము చిన్నపాటిగ చేసికొనవచ్చును. సిలికాను రబ్బరు తొడుగు గల కార్బను తీగ దొరకును. మీటరునకు 33 ఓముల నిరోధము గలదానిని తీసికొని, 30 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు కోయుడు. ఒక్కొక్క ముక్క నిరోధము 10 ఓములు. రెండు రాగి తీగలను నిచ్చెన కఱ్ఱలవలె నిలువుగా నుంచి, ఈ నాలుగింటిని మెట్లవలె అడ్డముగా కలుపుడు. మెట్టునకు మెట్టునకు నడుమ నాలుగు వ్రేళ్ల ఎడముండవలెను. ఫోనునకు శక్తినిచ్చు 5 వోల్టుల పవర్ బ్యాంకుకు దీనిని కలిపినచో, ఒక్కొక్క మెట్టున అర ఆంపియరు, మొత్తము 2 ఆంపియర్లు పాఱును. 10 వాట్ల వేడి పుట్టును. 10,000 మిల్లీ ఆంపియర్ గంటల పవర్ బ్యాంకు సుమారు రెండున్నర గంటలు పనిచేయును. గుట్టనుండి హైదరాబాదునకు దూరము సుమారు 60 కిలోమీటర్లే గదా!

నిచ్చెన పద్ధతియందు ఒక మేలు కలదు. ఆ విమానికుల తొలి దుస్తులు కొన్నింటిలో తీగలన్నియు ఒకే వరుసగా నుండుటచే, ఒక్కచోట తెగిన అంతయు చల్లబడెడిది. నిచ్చెనలో ఒక మెట్టు తెగినను తక్కినవి పనిచేయును. ఈ నిచ్చెనను రొమ్ముపట్టున గొంగడికిని లోగుడ్డకును నడుమ కుట్టవలెను. తీగ మడతపడరాదు, తీగపై తీగ పడరాదు. కార్బను తీగ టంకమున కంటదు. చిన్న రాగి గొట్టములో నొక్కి, పైన రబ్బరు తొడిగింపవలెను. ఇది పని తెలిసినవానిచేతనే చేయింపుడు. 45 డిగ్రీలకు తనంతట ఆగిపోవు చిన్న మీటను, తగిన ఫ్యూజును తప్పక పెట్టింపుడు. రొమ్ము వెచ్చగానున్న దేహము వ్రేళ్లకు నెత్తురును మరల పంపును. కోటు చేయు మేలు చేతులకును చెందును.

కొన్ని హెచ్చరికలు. తీగ పొట్టిదైనకొలది వేడి హెచ్చును. ముక్కల కొలత తగ్గింపరాదు. ఈ కోటును బండియొక్క 12 వోల్టుల బ్యాటరీకి ఎన్నడును కలుపరాదు. వేడి ఆఱురెట్లకు సమీపముగా పెరిగి ఒడలు కాలును. చిన్న బండ్ల బ్యాటరీయు చిన్నదే. 2017 ఏప్రిల్ నుండి వచ్చిన క్రొత్త బండ్లకు ముందు దీపము ఎల్లవేళల వెలుగుచుండును గావున మిగులు శక్తియు స్వల్పము.

కోటును బనియను పైన తొడిగిన చొక్కాపైననే ధరింపవలెను గాని, వట్టి మేనిమీద కాదు. 44 డిగ్రీల వేడియైనను ఆఱు గంటలు చర్మము నంటియున్న గాయము చేయునని 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అను పరిశోధకులు నిరూపించిరి. కాశ్మీరమున అంగీక్రింద కాంగ్రీ యను నిప్పుకుంపటి పెట్టుకొను అలవాటుచే కొందఱకు పొట్టమీద, తొడలమీద చర్మపు పుండు ముదిరి క్యాన్సరైనదని వైద్యు లెఱుగుదురు. చక్కెరవ్యాధిచే స్పర్శ తగ్గినవారు మొదటి రెండు మెట్లతోనే తృప్తిపడవలెను. క్రొత్త కోటును మొదట ఇంట అరగంట తొడిగి, చర్మము ఎఱ్ఱబడెనేమో చూచుకొనుడు. చెమ్మగిలినప్పుడు వాడకుడు.

చేతుల కొక మాట. ఐదు లీటర్ల ఖాళీ నూనెడబ్బాను నిలువున కోసి, హ్యాండిలు ముందు గాలికి అడ్డుగా కట్టుకొనవచ్చును. బ్రేకునకును క్లచ్చునకును అది తగులకున్నదని బండి నిలిపియుంచి పరీక్షించిన పిదపనే బయలుదేరవలెను.

పెద్దలారా, ఉన్ని లేని నెల్లూరు జాతి గొఱ్ఱెలు వచ్చినకొలది మన మందలలో నల్ల ఉన్ని తగ్గినది; గొంగడి నేయు మగ్గములును తగ్గినవి. ఉన్న ఉన్నికిని అడుగువారు కఱవైరి. మీ యింటి అటకమీది పాత గొంగడిని దింపుడు. వేకువను బండి తీయు కొడుకునకో మనుమనికో ఒక కోటు కుట్టింపుడు. పాతది లేనిచో కురుమవాని యొద్ద క్రొత్తది కొనుడు. మీ పిల్లవాని వ్రేళ్లును వెచ్చగానుండును, నేతగాని మగ్గమును ఆడును.