బండల మిద్దెయు పక్కా యిల్లును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



భాగవతముపై నాలుగు మాటలు చెప్పుమందురని తలచితిని. పేదల యిండ్లనుగూర్చి చెప్పుమన్నారు. గ్రామలెక్కలు వ్రాయువానికి అదియు నొక పురాణమే. కుచేలుడు అర్జీ పెట్టలేదు, నోరు విప్పి అడుగనైన లేదు. తిరిగివచ్చునప్పటికి గుడిసె యున్నచోట మేడ వెలసెను. మన కాలమున ఆ భాగ్యము కాగితముపై ఒక గడి నింపుటలో నున్నది. అట్టి గడి నొకదానిని నింపించినవాడను నేనే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో రాతికి కొదువ లేదు. కొండరాతిని బండలుగా చీల్చి, మట్టిగోడలపై పరచి మిద్దె వేయుట మన పెద్దలనాటి వాడుక. బోద కప్పిన కొట్టమువలె దానికి నిప్పుభయము లేదు. కాని గోడ మట్టిది. ముసురుపట్టి గోడ నానెనా, పైనున్న బండయే యముడు.

ఇందిరా ఆవాస్ యోజన 1985లో పుట్టి, 1996లో స్వతంత్ర పథకమై, 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన - గ్రామీణ్ గా మారినది. మైదానప్రాంతమున ఇంటికి 1,20,000 రూపాయలు, కనీసము 25 చదరపు మీటర్ల యిల్లు, ఉపాధిహామీ క్రింద కూలిదినములు, మరుగుదొడ్డికి వేరుగా 12,000 రూపాయలు. సొమ్ము విడతలుగా బ్యాంకుఖాతాలో పడును. ఏర్పాటు మంచిదే. మన రాష్ట్రమున 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి పంచిన పట్టాలలో గ్రామములందు ఇంటికి సెంటున్నర, అనగా 653 చదరపుటడుగులు. ఇల్లు పట్టును. పుంగనూరు ఆవు పొట్టిదే, దానినైనను కట్టుటకు చోటెక్కడ? పట్టుపురుగుల చంద్రికలెక్కడ పెట్టవలెను? ఆ సంగతి మరియొక సభకు విడుతును.

కేంద్రపథకపు తొలి జాబితాకు మూలము 2011 నాటి సామాజిక, ఆర్థిక, కులగణన. అందు గోడకొక గడి, కప్పుకొక గడి. కప్పు రాయియైనచో పక్కా యని లెక్క. గోడగాని కప్పుగాని, రెండింటిలో ఒక్కటి పక్కాయైనను ఆ కుటుంబము తొలివడపోతలోనే జారిపోవును.

ఆ గణనకు వచ్చినవారికి ఇండ్లు చూపుటకు నేను తోడు వెళ్లితిని. మా వీధిచివర ఒక అవ్వది ఒంటిగది మిద్దె. గోడలు మట్టివి, రెండు బండలు అప్పటికే బీటలు వారినవి. కప్పేమిటని అడిగిరి. "రాయి" అంటిని. అబద్ధము కాదు. అవ్వ నాకు మజ్జిగ యిచ్చినది, త్రాగి వచ్చితిని.

తరువాత గ్రామసభలో జాబితా చదివినప్పుడు అవ్వ పేరు లేదు. నేనక్కడనే యుంటిని. ఎందుకు లేదని అడుగవలెనని తోచలేదు. 2021 నవంబరు వానలకు గోడ కూలి బండ మంచముమీద పడినది. ఆ రాత్రి అవ్వ కూతురింట నుండుటచే బ్రతికినది. అటుపిమ్మట నియమావళి తెప్పించి, ఈ గ్రంథాలయపు బల్లమీదనే కూర్చుండి చదివితిని. తప్పిపోయినవారి మొర వినుటకు జిల్లాలో అప్పీలు సంఘముండవలెనని అందున్నది. అవ్వ అర్జీ నా చేతితోనే వ్రాసితిని. ఇల్లింకను రాలేదు.

బండల మిద్దెలవారు మన యూర నింకను గలరు. ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు నేనిక్కడ నుందును. ఆధారుకార్డు, ఇంటిపన్ను రసీదు తీసికొని రండు. గోడ యేదో, కప్పేదో ఈమారు వేరువేరుగా, వివరముగా వ్రాయుదము. అవ్వ అర్జీ నకలు మాదిరికి తెచ్చెదను.