వచ్చి చెప్పినవారే జనమా?

(లాల్‌గడి మలక్‌పేట్‌లో చేసిన ప్రసంగ పాఠం)



అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. మెతుకులన్నిటికీ ఒకే సెగ తగిలినప్పుడే ఆ మాట చెల్లుతుంది. దమ్ బిర్యానీ దేగ్ మూత తీసి, పై పొర రుచి చూసి, అడుగున మాంసం ఉడికిందని ఏ బావర్చీ చెప్పడు. ఆన్‌లైన్ సర్వేలు మాత్రం ఆ పై పొరతోనే తృప్తిపడతాయి.

ఉమ్మడి పౌరస్మృతిపై 2023 జూన్ 14న లా కమిషన్ ప్రజాభిప్రాయం కోరింది. జూలై 28న గడువు ముగిసేసరికి 75 లక్షలకు పైగా స్పందనలు చేరాయి. కమిషన్ కోరినవి సూచనలు, ఓట్లు కావు. స్పందనలు పంపమని ముస్లిం పర్సనల్ లా బోర్డు కూడా పిలుపునిచ్చింది. అది ప్రజాస్వామిక హక్కే. అయితే ఎవరు ఎక్కువమందిని కదిలిస్తే వారి అంకె పెరుగుతుంది. కదలనివారు లెక్కలోకే రారు. ఆ అంకె ఉద్యమ బలాన్ని చెబుతుంది గాని దేశం మనసును చెప్పదు. ఈ మాట మనకు అనుకూలమైన అంకెకూ వర్తిస్తుంది.

సంఖ్య పెద్దదైతే లోపం తొలగిపోతుందన్నది మరో భ్రమ. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు సేకరించి రూజ్‌వెల్ట్ ఓడిపోతాడన్నది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పత్రిక చిరునామాలు ఎక్కువగా టెలిఫోనూ కారూ ఉన్నవారివి. పైగా పట్టుదల గలవారే జవాబు పంపారు. నేడు టెలిఫోన్ స్థానంలో స్మార్ట్‌ఫోన్ వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో ఎన్నడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 27 మందికి మించలేదు. ఇప్పుడు ఇంట్లో ఫోన్ ఉన్నా, జవాబు నొక్కే వేలు ఎవరిదో అడగండి.

ఇది పండితుల వాదులాట కాదు. ముస్లింలలోని వెనుకబడిన వర్గాల 4 శాతం రిజర్వేషన్ చట్టాన్ని 2010 ఫిబ్రవరి 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేసినప్పుడు, బీసీ కమిషన్ సర్వే శాస్త్రీయంగా లేదన్నది ఒక కారణం. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు వల్లనే ఆ రిజర్వేషన్ నిలిచింది. కమిషన్ లెక్కకే ఆ గతి పడితే, వాట్సాప్‌లో పంచిన ఫారం ఏ న్యాయస్థానంలో నిలుస్తుంది? మన పొరుగున జీనోమ్ వ్యాలీలో తయారయ్యే టీకాను సైతం, బాగా పనిచేసిందని తమంతట తాము వచ్చి చెప్పినవారి మాటతో ఎవరూ ఆమోదించరు కదా!

ఈ ఊళ్లో మన కుటుంబాల స్థితిగతులు నమోదు చేయాలంటే, మొదట ఇళ్లన్నిటి జాబితా రాయాలి. చీటీ తీసి మొదటి ఇంటిని ఎంచుకుని, అక్కడినుంచి ప్రతి ఐదో తలుపూ తట్టాలి. స్త్రీలను స్త్రీలే అడగాలి. తాళం వేసి ఉంటే పక్కింటితో సరిపెట్టుకోరాదు. ఆ ఇంటివారు కూలికి వెళ్లి ఉంటారు. వారిని వదిలితే పేదరికమే లెక్కలోంచి జారిపోతుంది. ఇషా నమాజు తర్వాతనైనా మళ్లీ వెళ్లాలి. అప్పటికీ కలవకపోతే, ‘కలవలేదు’ అనే రాయాలి.