పసిపిల్లల టీచరు వృత్తి ధర్మం



నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే వాణ్ణి. తెలుగులో మాట్లాడమన్నారు గనుక భాషాదోషాలుంటే మన్నించండి. నర్సరీల్లో, అంగన్‌వాడీల్లో చదువు చెప్పేవారి వృత్తి ధర్మం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

డాక్టరు సరిగ్గా చూడకపోతే రోగి అడుగుతాడు. వకీలు అశ్రద్ధ చేస్తే కక్షిదారు నిలదీస్తాడు. మూడేళ్ళ బిడ్డ ఎవరిని అడుగుతుంది? బడిలో ఏం జరిగిందో ఇంట్లో చెప్పడం కూడా చాతకాదు. అమెరికాలో పసిపిల్లల విద్యకు సంబంధించిన జాతీయ సంఘం 1989లో ఒక నియమావళి చేసుకున్నది. పిల్లలకు హాని చెయ్యరాదన్న సూత్రాన్ని అందులో అన్నిటికన్నా పైన పెట్టారు. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్ కింద, కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అయితే ఆ చట్టం లెక్కలో బాలలంటే 6 నుంచి 14 ఏళ్ళ వారు. అంతకన్నా చిన్నవాళ్ళకు దెబ్బ తక్కువ తగులుతుందా?

బెత్తం సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పదలచింది నోటుబుక్కు సంగతి. తల్లిదండ్రులు ఫీజు కడతారు, సాయంత్రం సంచీ తెరిచి చూస్తారు. పేజీ ఖాళీగా ఉంటే ఏం చెప్తున్నారని అడుగుతారు. ఆ మాట పడలేక టీచరమ్మ బిడ్డ చెయ్యి పట్టుకుని తానే రాసేసి, కింద ఎర్ర సిరాతో 'గుడ్' అని పెడుతుంది. అది అబద్ధపు సర్టిఫికెట్టే కదా! బిడ్డకు రాదని ఇంట్లో తెలియదు. ఒకటో తరగతిలో బయటపడితే తిట్లు తినేది ఆ బిడ్డే.

ఉర్దూ రాతలో ఇది మరీ కష్టం. 'బే' విడిగా పడవలా ఉంటుంది. మాట మధ్యలో కలిస్తే చిన్న పన్ను మాత్రమే మిగులుతుంది. బే, పే, తేలకు రూపం ఒకటే, చుక్కల్లోనే తేడా. అలిఫ్, దాల్, రే, వావ్ తర్వాతి అక్షరంతో అసలు కలవవు. పైగా ఉర్దూ కుడి నుంచి ఎడమకు, తెలుగూ ఇంగ్లీషూ ఎడమ నుంచి కుడికి. నాలుగేళ్ళ బిడ్డ అక్షరం తిరగేసి రాస్తే ఆ వయసుకు అది మామూలే. దానికి 'మొద్దు' అని పేరు పెడితే ఆ పేరు టీచర్ల గదిలోంచి వీధిదాకా పోతుంది. బిడ్డ లోటుపాట్లు కన్నవాళ్ళతో తప్ప మరొకరితో అనరాదు, దావత్‌లలో అసలే అనరాదు. నవ్వకండి, అక్కడే ఎక్కువగా జరుగుతున్నది.

తప్పంతా టీచరమ్మలదే అనను. చాలీచాలని జీతమిచ్చి, గది నిండా పిల్లల్ని అప్పగించి, నోటుబుక్కులు నిండాలని హుకుం చేసే యాజమాన్యాలున్నాయి. బడులు నడిపే పెద్దలు ఈ సభలోనూ ఉన్నారు. వారికి నా మనవి ఒక్కటే. మూడు, నాలుగేళ్ళ పిల్లల నోటుబుక్కులు ఇంటికి పంపడం మానండి. నెలకొకసారి తల్లినో దాదీమానో పిలిపించి, బిడ్డకు ఏం వచ్చిందో, ఏం రాలేదో ఉన్నదున్నట్టు, వారి ఇంటి భాషలోనే చెప్పించండి. వచ్చే జూన్‌లో బడి తెరిచిన రోజునుంచే మొదలు పెట్టవచ్చును.