చెరువుకు నీళ్లొచ్చే దారి

పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ మనసారా అభినందనలు.

ఇలాంటి సభల్లో ఉద్యోగాల గురించీ పోటీ గురించీ మాట్లాడటం రివాజు. ఆ మాటలు మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఊరి చెరువు గురించి, దాన్ని నిలబెట్టుకోవాలని ఆఫీసుల చుట్టూ తిరిగే మామూలు మనుషుల గురించి మాట్లాడతాను. వాళ్లకు మీ చదువు అవసరం ఉంది.

మన గాజువాకలో, ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో ఎందరి తాతముత్తాతలో ఉక్కు నిర్వాసితులు. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. ఆ ఫ్యాక్టరీ కోసం 64 గ్రామాలు ఖాళీ అయ్యాయి. పొలం, కల్లం, పశువులను కడిగిన చెరువు, అన్నీ వదిలేసి జనం పెదగంట్యాడ, అగనంపూడి, వడ్లపూడి కాలనీలకు వచ్చారు. చేతికి నిర్వాసితుల ఆర్‌ కార్డు వచ్చింది, చెరువు మాత్రం వెనకే ఉండిపోయింది. ఆనాటి సంగతులు మీ నాయనమ్మల్ని అడగండి. ఇంటి గుమ్మాన్ని తలచుకున్నంతగా గట్టునూ తలచుకుంటారు.

ఇవాళ ఉక్కు ఫ్యాక్టరీకి నీళ్లు ఏలేరు నుంచి సుమారు 150 కిలోమీటర్ల కాలువలో నడిచి కణితి రిజర్వాయరుకు చేరతాయి. నగరం కుళాయిలకు రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ ఆధారం. దూరపు నీళ్లు గుమ్మంలోకి వచ్చేసరికి దగ్గరి నీళ్ల మీద శ్రద్ధ పోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడి కరెంటు పోయాక పంపులు ఆగిపోయాయి. బిందెలు పట్టుకుని ట్యాంకర్ల కోసం నిలబడ్డ ఆ రోజులు మీకు చిన్నప్పటి జ్ఞాపకంగానైనా ఉండే ఉంటాయి. పక్కనున్న చెరువు బతికుంటే బోరులో నీళ్లుంటాయి, కరెంటు లేని రోజున చెరువు నీళ్లు వాడుకకైనా పనికొస్తాయి.

చెరువు ఒక్కరోజులో పోదు. ముందు ఆయకట్టు పోతుంది. పొలాలు ప్లాట్లవుతాయి. మదుము ఎత్తమని అడిగే రైతు ఉండడు, గట్టుకు గండి పడితే తట్ట పట్టుకుని వచ్చేవాడూ ఉండడు. తరవాత గెడ్డ సన్నబడుతుంది. కొండ మీది వాన నీటిని తెచ్చే గెడ్డకు రోడ్డు అడ్డం వస్తే రెండు తూములు వేసి సరిపెడతారు. ఎగువన లేఅవుటు పడితే ఆ తూములూ మట్టితో మూసుకుపోతాయి. వాన నీటికి దారి మూసుకుపోయాక మురుగునీటికి దారి తెరుచుకుంటుంది. దాని వెంటే గుర్రపు డెక్క వస్తుంది. ఇక అంచున రాత్రిపూట ట్రాక్టర్లు ఇళ్లు కూలగొట్టిన మట్టీ రాళ్లూ దించుతాయి. ఏడాదికి నాలుగు గజాలు గట్టిపడితే చాలు, మొదట ఒక రేకుల షెడ్డు, దానికి కరెంటు మీటరు, ఆ పైన ఇంటి పన్ను రసీదు. ఆ రసీదు పట్టుకుని కోర్టుకు వెళ్లినరోజున, ఎండిపోయింది గనక అది చెరువే కాదని వాదిస్తారు. ఎండగట్టింది ఎవరని అడగాల్సిన అధికారి అప్పటికి బదిలీ అయి ఉంటాడు. భూమి రెవెన్యూది, గట్టు ఇరిగేషన్‌ది, మురుగు కార్పొరేషన్‌ది. 2005లో గాజువాక మున్సిపాలిటీ మహా విశాఖలో కలిశాక ఊళ్లన్నీ వార్డులయ్యాయి. ఫిర్యాదు చేయాలనుకున్నవాడికి ఏ గుమ్మం ఎక్కాలో తెలియకపోవడమే ఆక్రమించేవాడికి పెద్ద బలం.

దీన్ని ఎదిరించి గెలిచినవాళ్లు మన రాష్ట్రంలోనే ఉన్నారు. తిరుపతి అంచున అవిలాల, పేరూరు అని రెండు చెరువులు ఉన్నాయి. 1990ల మొదట్లో వాటి గర్భంలోని భూమిని ప్రభుత్వం ఇళ్ల నిర్మాణానికి ఇచ్చేసింది. అవి ఎప్పుడో పాడుబడ్డాయని, అక్కడ నీళ్లు నిలవడం లేదని వాదించింది. ఇంటలెక్చువల్స్ ఫోరం పేరుతో ఊరివాళ్లు కొందరు కలిసి కేసు వేశారు. హైకోర్టులో ఓడిపోయారు, సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2006 ఫిబ్రవరి 23న తీర్పు వచ్చింది. చెరువులాంటి సహజ సంపదకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే, ఇష్టం వచ్చినట్లు ఇచ్చేసే హక్కు దానికి లేదన్న సూత్రం మీద ఆ తీర్పు నిలబడింది.

మీరు ఇంకాస్త శ్రద్ధగా వినాల్సింది ఆ తీర్పు చివర ఉన్న ఆదేశాలను. ఇకపై కట్టడాలు వద్దన్నారు. అంతటితో ఆగలేదు. పేరూరు చెరువుకు నీళ్లు తెచ్చే బోడెద్దుల వంకను శుభ్రం చేసి పారించమన్నారు. దారిలో అడ్డుగా ఉన్న చిన్న చెక్‌డ్యాం తీసేయమన్నారు. కనీసం 50 ఎకరాల్లో ఇంకుడు చెరువు ఏర్పాటు చేయమన్నారు. అప్పటికే కట్టిన ఇళ్లను కూల్చమనలేదు గానీ, ఆ కప్పుల మీద పడే వాన నీటిని భూమిలోకి పంపమన్నారు. దేశంలో అత్యున్నత న్యాయస్థానం ఒక వంక పేరు రాసి మరీ దాన్ని బాగుచేయమందంటే, ఎవరో ఆ వంక వెంట నడిచి, అడ్డం ఎక్కడుందో చూసి, కాగితం మీద పెట్టారన్నమాట. ఆ కేసులో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఆ నడకే.

మన ఉత్తరాంధ్రలో ఇంతకన్నా కష్టమైన పోరాటం జరిగింది. సోంపేట బీలలో థర్మల్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు ఎదురు నిలిచారు. ప్రభుత్వ కాగితాల్లో అది పనికిరాని నేల, వాళ్లకు మాత్రం అన్నం పెట్టే తడి నేల. 2010 జులై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఆ బీల ఇవాళ ఉందంటే, దాన్ని బీడు అని రాసిన కాగితాన్ని అక్కడి మనుషులు ఒప్పుకోనందువల్లే.

హైదరాబాదు అంబర్‌పేటలో బతుకమ్మకుంట సంగతి ఈమధ్యదే. రికార్డుల్లో 14 ఎకరాల పైచిలుకు ఉన్న కుంట చివరికి 5 ఎకరాల చిల్లరకు కుంచించుకుపోయి, ముళ్లకంపతో, చెత్తతో నిండిపోయింది. స్థానికులు ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా, 2025లో ప్రభుత్వ సంస్థ హైడ్రా అక్కడ తవ్వకం మొదలుపెట్టింది. కొద్ది లోతుకే నీళ్లు పైకొచ్చాయి.

ఇక్కడొక మాట నిక్కచ్చిగా చెప్పాలి. చుట్టూ సిమెంటు గోడ కట్టి, లోపల నడకదారి వేసి, రంగుల దీపాలు పెట్టినంత మాత్రాన చెరువును కాపాడినట్లు కాదు. గోడ కట్టేటప్పుడు గెడ్డ ముఖం మూసేస్తే, లోపల మిగిలేది ఎండిపోయే గుంట. సుందరీకరణ పేరుతో చెరువు విస్తీర్ణం తగ్గించే పనిని నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోకండి. చూడదగ్గ చెరువు కావాలంటే గాజువాక నుంచి అచ్యుతాపురం వైపు వెళ్లి కొండకర్ల ఆవ చూసి రండి. రెండు తాటి దుంగలను దొలిచి పక్కపక్కన కట్టిన దోనె మీద మనిషి నిలబడి, గెడతో నెట్టుకుంటూ తామరాకుల మధ్య నుంచి పోతాడు. దోనె దగ్గరికి వచ్చేదాకా జకానా పిట్ట ఆకు మీద నుంచి కదలదు. ఆ ఆవ కూడా అంచుల్లో తగ్గిపోతోంది. దాని మీద బతికే మత్స్యకారులే దానికి కావలి.

ఇంకో సంగతిని దాటవేయలేను. చెరువు గర్భంలో ఉన్నవాళ్లందరూ కబ్జాదారులు కారు. చవకగా వచ్చిందని జీవితకాలపు కూడబెట్టు పోసి గజాల లెక్కన కొన్నవాళ్లున్నారు, ఎక్కడా చోటు లేక గుడిసె వేసుకున్నవాళ్లున్నారు. ఇల్లు ఖాళీ చేయడమంటే ఏమిటో గాజువాకకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందు వాళ్లకు నీడ చూపించాలి, తరవాతే జేసీబీ. పేదవాడి గోడ పడగొట్టి, పెద్దవాడి లేఅవుటు వదిలేసే చెరువు రక్షణను జనం నమ్మరు, నమ్మకూడదు కూడా.

మీలో సివిల్ చదివినవాళ్లకు లెవెల్ తీయడం వచ్చు. గెడ్డ ఎక్కడ మెరక అయిందో ఒక ఆదివారం తేల్చగలరు. కంప్యూటర్ చదివినవాళ్లు పాత ఉపగ్రహ చిత్రాలను వరసగా పెట్టి, ఏ ఏడాది ఏ మూల పూడ్చారో చూపించగలరు. కెమిస్ట్రీ వాళ్లు నీళ్ల పరీక్ష చేయగలరు. కామర్స్ వాళ్లకు ఖర్చుల పద్దు చదవడం తెలుసు, పూడికతీత బిల్లులో ఎన్ని ఘనపు మీటర్లు రాశారో, గుంత ఎంతుందో కొలిచి అడగొచ్చు. ఇక మనుషులను కూడగట్టడమా? వినాయక చవితికి పందిరి వేసి, ఇంటింటా చందాలు పోగుచేసి, ఊరు ఊరంతా తలెత్తి చూసే విగ్రహం నిలబెట్టే కుర్రాళ్లున్న గాజువాకకు అదొక లెక్క కాదు. ఆ ఒక్కతాటి మీద నడిచే శక్తిలో కొంత చెరువుకు ఇవ్వండి.

ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతారేమో. మీ ఇంటికి దగ్గరున్న చెరువు సర్వే నంబరు కనుక్కోండి. తహసీల్దారు కార్యాలయంలో సమాచార హక్కు కింద సర్వే కొలతలుండే ఎఫ్‌ఎంబీ నకలు, విస్తీర్ణం, నిషేధిత భూముల జాబితాలో అది ఉందో లేదో అడగండి. పది రూపాయలకు మించని ఫీజు, 30 రోజుల గడువు. ఆ నకలు చేతికొచ్చాక నలుగురు కలిసి గెడ్డ మొదలు నుంచి మదుము దాకా నడవండి. అడ్డం కనిపించిన ప్రతిచోటా ఫొటో తీసి, తేదీ వేసి, కలెక్టరేట్‌లో సోమవారం జరిగే గ్రీవెన్స్‌లో ఇవ్వండి, రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే మళ్లీ వెళ్లండి. తిరుపతివాళ్లకు పదేళ్లకు పైగా పట్టింది.

ఉద్యోగం హైదరాబాదులో వచ్చినా, అమెరికాలో వచ్చినా వెళ్లండి, బాగా సంపాదించండి, అమ్మానాన్నలను బాగా చూసుకోండి. వెళ్లేలోపు ఆ ఒక్క దరఖాస్తు మీ పేరుతో పెట్టి వెళ్లండి. దాని నకలు ఇక్కడ ఉండే తమ్ముడికో చెల్లెలికో అప్పజెప్పండి.