నేలను చేసేది నీరు: జావా బూడిద నుంచి అబుధాబి సబ్ఖా దాకా
(స్మారకోపన్యాస పాఠం)

మట్టిని గురించి తెలుగులో చెప్పాలని జీవితమంతా తపించిన ఒక అధ్యాపకుని స్మృతిలో ఈ సాయంత్రం మనం సమావేశమయ్యాం. ఆయనకు తగిన నివాళి ఒక ప్రశ్నను చివరిదాకా వెంటాడటమేనని నా నమ్మకం. మనముంటున్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ (యూఏఈ)లో, దుబాయ్ నుంచి ఫుజైరా వెళ్లే దారిలో నల్లగా, ముదురు గోధుమరంగులో నిలబడిన హజర్ కొండలను మీరంతా చూసే ఉంటారు. దాదాపు 9.5 కోట్ల ఏళ్ల కిందట సముద్రగర్భంలో కరిగిన శిల చల్లబడి ఏర్పడిన పొరలూ, వాటి అడుగున భూమి లోపలి పొర నుంచి వచ్చిన పెరిడోటైటూ కలిసి నేల మీదికి ఎగబాకిన కొండలవి. మన దక్కను లావా దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటిది. దాని మీద ఆదిలాబాద్ నల్లరేగడి ఏర్పడింది, పత్తి పండుతోంది. జావాలో నిన్నమొన్న రాలిన బూడిద మీద వరి పండుతోంది. మూడూ భూగర్భపు వేడిలోంచి వచ్చిన శిలలే. మరి ఇక్కడ, వయసులో అన్నిటికంటే పెద్దదైన ఈ కొండ మీద, చేతికి పిడికెడు మట్టి ఎందుకు దొరకదు?

దీనికి నేను చెప్పబోయే సమాధానం ఒకటే. నేల తీరును తేల్చేది ముఖ్యంగా దాని కింది రాయి కాదు. ఆ రాయి గుండా నీరు ఎంత నడిచింది, ఏ దిక్కుకు నడిచింది అన్నదే. ఇప్పుడు వినడానికి ఇది తేలికగా అనిపిస్తుంది గాని, శాస్త్రం ఇక్కడికి చేరడానికి చాలా కాలం పట్టింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఎక్కువమంది దృష్టిలో మట్టి అంటే పొడి అయిన రాయి, అంతే. 1883లో రష్యాలో వసీలీ దొకుచాయెవ్ తన దేశపు నల్లమట్టిని గురించి గ్రంథం ప్రకటించి, వాతావరణం, మొక్కలు, నేల వాలు, రాయి, కాలం అన్నీ కలిస్తేనే నేల పుడుతుందని చూపించాడు. 1941లో హాన్స్ జెన్నీ అమెరికాలో ఆ అంశాలనే ఒక సూత్రంగా కూర్చాడు. మన దగ్గరి సాక్ష్యం వాళ్లకంటే తక్కువదేమీ కాదు. అదే దక్కను లావా, ఒక మోస్తరు వాన పడి నీరు పూర్తిగా కిందికి దిగిపోని చోట ఉబ్బి పగిలే నల్లరేగడి అయింది. కుండపోత వానలు కురిసే మహాబలేశ్వరం కొండల మీద అదే లావా, క్షారాలు కడుక్కుపోయి, ఎర్రని లాటరైట్ అయింది. వికారాబాద్, జహీరాబాద్ పీఠభూముల ఎర్రమట్టి కూడా ఇలాంటి లాటరైటే, ఆ ప్రాంతం ఒకప్పుడు ఇప్పటికంటే తడిగా ఉండేదని చెప్పే పాత పత్రం.

తడి ఉష్ణమండలంలో బూడిద ఏమవుతుందో కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే నీటి పని అక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. అగ్నిపర్వతపు బూడిద నిజానికి సన్నని గాజు రవ్వ. స్ఫటికంగా కుదురుకునే వ్యవధి లేక చల్లబడింది కాబట్టి నీటికి తేలికగా లొంగుతుంది. వేడి, తడి రెండూ ఎడతెగకుండా ఉంటే ఆ గాజులోని సిలికాలో కొంత, క్షారాలు కరిగి కొట్టుకుపోతాయి. మిగిలిన అల్యూమినియం, సిలికా కలిసి అల్లోఫేన్ అనే రూపుకట్టని బంకగా మారతాయి. దాని రేణువులు ఖాళీ గోళాలు, కంటికి ఆనవు. అందుకే ఆ నేల ఆశ్చర్యమనిపించేంత తేలిక: ఘన సెంటీమీటరుకు సాధారణంగా 0.9 గ్రాములకు మించదు. మన చుట్టూ ఉన్న ఇసుక 1.5 గ్రాములు దాటుతుంది. బాగా తడిసే కొండల్లో ఆ మట్టి తన ఎండు బరువుకంటే ఎక్కువ నీటిని పట్టి ఉంచగలదు, బొటనవేలితో నొక్కితే జారి నీరూరుతుంది. కుళ్లిన ఆకులను, వేళ్లను అల్యూమినియం గట్టిగా పట్టుకోవడం వల్ల సేంద్రియ పదార్థం త్వరగా కరిగిపోదు, మట్టి నల్లగా ఉంటుంది. డచ్చి శాస్త్రవేత్త మోర్ 1938లో, జావాలో జనం కిక్కిరిసి ఉన్న జిల్లాలకూ అగ్నిపర్వతపు మట్టికీ ఉన్న సంబంధాన్ని చూపించాడు. కాని ఆ నేలను వరప్రసాదంగా తలచేవారు ఒక సంగతి మరిచిపోతారు. అల్లోఫేన్ భాస్వరాన్ని కూడా అంతే గట్టిగా పట్టేస్తుంది. వేసిన ఎరువులో చాలా భాగం మొక్కకు అందదు. తడి చాలాకాలం సాగితే క్షారాలన్నీ పోయి నేల పులిసిపోతుంది. జావాను పోషిస్తున్నది ఒక్క వాన కాదు, మెరాపీ, కెలూద్ వంటి పర్వతాలు మళ్లీ మళ్లీ చల్లే కొత్త బూడిద కూడా. నీరు ఇస్తుంది, తీసుకుంటుంది, రెండూ లెక్కలో ఉండాలి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. హజర్ రాయి వేరు, జావా బూడిద వేరు, పోల్చడం సరి కాదు కదా? పెరిడోటైట్‌లో మెగ్నీషియం, నికెల్ ఎక్కువ, మొక్కలకు అది కష్టమైన రాయి. ఇది నిజమే. కాబట్టి పోలికను అదే రాయితో చేద్దాం. ఇండోనేసియాలోని సులవేసి ద్వీపంలో సొరొవాకో చుట్టూ ఉన్నది హజర్ కొండల మాదిరి పెరిడోటైటే. అక్కడ ఏడాది పొడవునా వాన. ఆ రాయి మీద మీటర్ల లోతున ఎర్రని లాటరైట్ ఏర్పడి, కరిగి దిగిన నికెల్ అడుగున పోగుపడి, ఇవాళ పెద్ద గని అయింది. ఇంకా దగ్గరి సాక్ష్యం ఈ కొండల్లోనే ఉంది. ఒమన్ వైపు కొన్నిచోట్ల ఇదే శిల మీద డైనోసార్ల కాలం చివర ఏర్పడిన లాటరైట్ నేటికీ మిగిలి ఉంది. అప్పుడు ఇక్కడ వేడి, వాన రెండూ ఉన్నాయి, ఈ రాయి మట్టి అయింది. ఇప్పుడు యూఏఈలో చాలాచోట్ల ఏటా వంద మిల్లీమీటర్ల వాన కూడా పడదు, రాయి రాయిగానే ఉండిపోయింది. ఫుజైరాలో 2023లో మొదలైన ప్రయోగంలో కార్బన్ డయాక్సైడ్ కరిగిన నీటిని ఇదే పెరిడోటైట్‌లోకి పంపితే ఆ వాయువు లోపల ఖనిజంగా గడ్డకడుతోంది. రాయి మారడానికి ఎప్పుడూ సిద్ధంగానే ఉంది, దానికి నీరు దొరకలేదు.

మరో సాక్ష్యాన్ని మన తెలుగు నేల నుంచే తీసుకోవచ్చు. దాదాపు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు దాని బూడిద రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, నంద్యాల జిల్లా జుర్రేరు లోయలో పడింది. జ్వాలాపురం దగ్గర అది ఇప్పటికీ రెండు మీటర్లకు మించిన తెల్లని పొర. శుభ్రం చేసే పొడుల తయారీకి దాన్ని తవ్వి తీశారు. ఆ పొర పైనా కిందా దొరికిన రాతి పనిముట్ల గురించి పురావస్తు శాస్త్రజ్ఞులు మైఖేల్ పెట్రాలియా, రవి కొరిసెట్టర్‌ల బృందం 2007లో ప్రకటించాక ఆ ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది. అన్ని వేల ఏళ్లయినా అది గాజుగానే ఉందంటే, అంత తేలికగా లొంగే బూడిద కూడా నీరు చాలకపోతే మట్టి కాదని వెంటనే అనాలనిపిస్తుంది. ఇక్కడ నేను తొందరపడను. ఆ బూడిద నీటి ప్రవాహంతో పల్లంలో చేరి త్వరగా ఒండ్రు కింద పూడుకుపోయింది, గాలి, వేళ్లు దాన్ని తాకలేదు. కనుక దాన్ని పూర్తి రుజువుగా కాక, వాదానికి ఎదురు నిలవని సాక్ష్యంగానే తీసుకుంటాను. నా వాదం బరువంతా సులవేసి, ఒమన్‌ల మీదే ఉంది.

ఇప్పుడు ఈ దేశం అసలు కథకు వస్తాను. ఇక్కడ నీరు తక్కువ, అంతవరకూ అందరికీ తెలుసు. తెలియనిది, తీరం వెంట ఆ కొద్ది నీరు తలకిందులుగా నడుస్తుందని. అబుధాబి సబ్ఖాలో, అంటే తీరం వెంట పరచుకున్న ఉప్పు మైదానంలో, ఉప్పు నీరు నేల ఉపరితలానికి చాలా దగ్గర్లో ఉంటుంది. ఎండకు అది పైకి పాకి ఆవిరైపోతూ, మోసుకొచ్చిన సున్నాన్నీ గంధకాన్నీ అక్కడే వదిలిపెడుతుంది. ముందు జిప్సం గడ్డకడుతుంది, వేడి, ఉప్పు మరింత పెరిగితే నీరు లేని అన్‌హైడ్రైట్ ఏర్పడుతుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు పురాతన శిలల్లో మాత్రమే చూస్తూ వచ్చిన ఈ ఖనిజం అబుధాబి తీరంలో ఇప్పుడే, కళ్లముందే తయారవుతోందని 1963లో కర్టిస్, ఎవాన్స్, కిన్స్‌మన్, షియర్మన్ ప్రకటించారు. ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా అది శిలల వారి కథగానే మిగిలింది. 2006–2009 మధ్య అబుధాబి పర్యావరణ సంస్థ జరిపించిన నేల సర్వేలో వేల చోట్ల గుంటలు తవ్వి చూశాక, ఇది రాయి కాదు, నేలే అన్న వాదం బలపడింది. ఆ సర్వేలో దుబాయ్‌లోని అంతర్జాతీయ బయోసెలైన్ వ్యవసాయ కేంద్రం, అంటే ఇక్బా, కీలక పాత్ర పోషించింది. ఉత్తర ఎమిరేట్ల సర్వే 2012కు ముగిసింది. అమెరికా నేలల వర్గీకరణ గ్రంథపు 2014 కూర్పులో అన్‌హైడ్రైట్ నేలలకు ఒక ప్రత్యేక తరగతి చేరింది. అగ్నిపర్వతపు బూడిద నేలలకూ ఇలాగే ఆలస్యమైంది: 1978లో అమెరికా నేల శాస్త్రజ్ఞుడు గై స్మిత్ ప్రతిపాదిస్తే, ఆండిసాల్స్ పేరిట అవి 1990లో గాని ఒక పూర్తి వర్గంగా నిలవలేదు. ముఖ్యంగా అమెరికా నేలలను చూసి రాసుకున్న పుస్తకంలో మిగతా ప్రపంచపు నేలలకు చోటు దొరకడానికి ఇన్నేళ్లు పట్టడం నాకు బాధ కలిగిస్తుంది. అయినా చోటు దొరికింది, దానికి ఈ ఎడారి సాక్ష్యం చెప్పింది.

ఎడారిలో వ్యవసాయమే లేదా అని మీరు అడగవచ్చు. ఉంది, చాలా పాతది. అల్ ఐన్ హిలీ తవ్వకాల్లో దాదాపు 5 వేల ఏళ్ల నాటి గోధుమ, బార్లీ, ఖర్జూరం ఆనవాళ్లు బయటపడ్డాయి. 3 వేల ఏళ్ల కిందటి ఫలజ్‌లు, అంటే కొండ అడుగు నీటిని వాలుగా నేల కింద నడిపించే కాలువలు, అక్కడే ఉన్నాయి. 2011లో యునెస్కో ఆ ప్రదేశాలను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఆ రైతులు చేసింది నీరు తేవడం ఒక్కటే కాదు. మడులను తడిపి ముంచి ఉప్పును వేళ్ల కిందికి దించారు, పైకి నడిచే నీటిని కిందికి మళ్లించారు. ఒయాసిస్సు మట్టి మనిషి చేసిన నేల. ఆ జ్ఞానాన్ని మరచి ఇరవయ్యో శతాబ్దంలో బోర్లు వేసి తోడిన చోట్ల నీటిమట్టం పడిపోయింది, మిగిలిన నీరు ఉప్పెక్కింది, పొలాలు చవుడు బారాయి. 1999లో ఇక్బాను నెలకొల్పడానికి వెనుక ఉన్నది ఆ ఉప్పు సమస్యే.

ఇది ఎడారి కథ కదా, వాన పడే తెలుగు నేలకేమిటి సంబంధం అనేవారికి నాగార్జునసాగర్ కుడి కాలువను చూపిస్తాను. నల్లరేగడిలో నీరు కిందికి దిగడం కష్టం. కాలువ నీరు నిండుగా పెట్టి, బయటికి పోయే దారి వదలకపోతే అడుగు నీరు పైకి లేస్తుంది, దాంతో పాటు ఉప్పూ లేస్తుంది. అప్పటి ప్రకాశం జిల్లా కోనంకి వద్ద వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు నేల లోపల చిల్లుల గొట్టాలు పరచి ఆ నీటిని బయటికి పంపే ప్రయోగం చేశారు. చవుడుకు విరుగుడు నీటిని కిందికి, బయటికి నడిపించడమేనని అక్కడ మళ్లీ రుజువైంది. అందుచేత ఇక్కడ సంపాదించి ఊళ్లో పొలం కొనే మిత్రులకు నా విన్నపం ఇది: బోరు ఎంత నీరిస్తుందని అడిగే ముందు, ఆ నీటిలో ఉప్పెంత, మురుగు పోయే దారి ఎక్కడ అని అడగండి, మట్టిని పరీక్ష చేయించండి. ఇక్బా ఆవరణలో 2016లో తెరిచిన ఎమిరేట్స్ సాయిల్ మ్యూజియంలో ఈ దేశపు నేలలు నిలువు కోతలుగా కనిపిస్తాయి, సెలవు రోజుల్లో పిల్లలను తీసుకువెళ్లి చూపించండి.