ఫైళ్ల నామకరణము



ముప్పదియేండ్లకు పైగా బాలురకు శబ్దములు, సమాసములు చెప్పిన మేము నేడీ సభలో కంప్యూటరును గూర్చి ప్రసంగింప నిలుచుట పలువురకు వింతగా తోచవచ్చును. కాని మా చేతిమీదుగా మన సంఘమునకు కలిగిన యొక నష్టమును, దానివలన మేము నేర్చిన పాఠమును నివేదించుట మా విధి.

మన పాత మహాసభల నివేదికలకును, వసతిగృహపు చందాపట్టీలకును, పెద్దల యుత్తరములకును మూడు కెమేరాలతో ఛాయాచిత్రములు తీయించితిమి. మూడు కెమేరాలును తమ చిత్రములకు 0001 మొదలుగా నొకే తీరున పేళ్లు పెట్టినవి. వాని నకళ్లను కంప్యూటరులోనికి తెచ్చి, అన్నిటిని ఒక్క ఫోల్డరునకు చేర్ప 'ఎంవీ' యను నాజ్ఞ నిచ్చితిమి. చేరుచోట నదే పేరుగల ఫైలున్నచో ఆ యాజ్ఞ సామాన్యముగా నడుగకయే పాతదానిని తుడిచి క్రొత్తదానిని నిలుపును. సమబలముగల సూత్రములకు విరోధము వచ్చినపుడు పరసూత్రమే గెలుచునని వైయాకరణుల మతము. శబ్దమున కది చెల్లునుగాని పత్రములకు చెల్లదు.

రెండు కెమేరాల కార్డులు చెరుపబడకుండుటచే పెక్కు చిత్రములు మరల లభించినవి. మూడవ కార్డు చెరుపబడినది. అందు, ఒక వృద్ధురాలు పంపిన దానపత్రపు చిత్రము పోయినది. మూలపత్రమును అంతకుముందే చెదలు తినివేసినవి. మేము వారియింటికి పోయి తప్పొప్పుకొంటిమి. ఆమె కొంతసేపు మౌనముగా నుండి, "పోయినది పోయింది మాస్టారూ, ఉన్నవాటినైనా జాగ్రత్త చేయండి" అనెను.

ఆ మాటయే మాకు గురూపదేశమైనది. 1969లో బెల్ ప్రయోగశాలలో యూనిక్సు పుట్టెను. 1979లో బోర్న్ షెల్లును, 1989లో బాష్ షెల్లును వెలువడినవి. షెల్లు స్క్రిప్టన, ఆజ్ఞలను వరుసగా వ్రాసియుంచిన సూత్రపాఠమే. స్థానికి ఆదేశము వచ్చినట్లు పాతపేరునకు క్రొత్తపేరు వచ్చును.

మేము పాటించిన నియమము లివి. మొదట, మూలములను ముట్టక నకళ్లమీదనే పనిచేయవలెను. కాగితము తేదీ యంత్రమునకు తెలియదు. కావున మనుష్యుడే చదివి, పాతపేరు, క్రొత్తపేరు నొక పట్టీలో వ్రాయవలెను. స్క్రిప్టు ఆ పట్టీని పంక్తి పంక్తిగా చదువును. పేరున సంవత్సరము, నెల, దినము, పిదప సంఖ్య యుండవలెను: 1952-05-11-007 వలె. సున్నలు లేనిచో అక్షరక్రమమున 10 అనునది 2కు ముందు వచ్చును. పేళ్ల నడుమ ఖాళీ యున్నచో షెల్లు దానిని రెండు పదములుగా గ్రహించును. అందుచే పేరును నిలుపు చరరాశిని జంట యుద్ధరణచిహ్నముల నడుమ నుంచవలెను. ఎంవీకి 'మైనస్ ఎన్' చేర్చినచో ఉన్న ఫైలు జోలికి పోదు. అన్నిటికంటె ముఖ్యము: ముందుగా ఎంవీకి ముందు 'ఎకో' వ్రాసి నడిపినచో, పని జరుగక, జరుగబోవు ఆజ్ఞలు మాత్రము తెరమీద కనబడును. వానిని చదివి, సరిచూచి, పిదపనే ఎకోను తొలగింపవలెను. మేము తొలినాడు ఆ యొక్క పదము వ్రాసియున్నచో ఆ దానపత్రము నేడు మన కన్నులయెదుట నుండెడిది.

ఇప్పుడు మిగిలినవన్నియు సంవత్సరముల వారిగా ఫోల్డరులలో నమరినవి. పట్టీయును, నకళ్లును రెండుచోట్ల భద్రపరచితిమి. మీ యిండ్ల పెట్టెలలోని పాతకాగితములను చెదలకంటె ముందు మాకు చూపుడు. చదువుకొన్న యువకులు పట్టీ వ్రాయుటకు ముందునకు రండు. ఇదియే మా ప్రార్థన.