ధనము, దొరతనము, నిరుద్యోగము
(కూర్మన్నపాలెమున జరిగిన విశ్వబ్రాహ్మణ సంఘ వార్షిక మహాసభయందు గావింపబడిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు నాలుగు మాటలు విన్నవింపుమని ఆహ్వానసంఘమువారు నన్నాజ్ఞాపించిరి. విద్యాధికులును అనుభవశాలురును పెక్కండ్రు ఈ వేదికనలంకరించి యుండగా నావంటివాడు పలుకబూనుట సాహసమే యగును. అయినను సభవారి యాజ్ఞను శిరసావహించి, మీ సహనమును నమ్ముకొని, మనకందఱకును సంబంధించిన యొక విషయమును మీ సమక్షమున నుంచుచున్నాను.

మన సభలలో విశ్వకర్మ మహిమయు, పంచవృత్తుల ప్రాశస్త్యమును, పూర్వుల శిల్పనైపుణ్యమును కొనియాడబడుట ఆచారము. అవి వినుట కింపైనవే. కాని మనము కూడిన తావు కూర్మన్నపాలెము. ఉక్కు కర్మాగారమునకు బోవు దారి యిచటనే చీలును. ఈ కూడలియందే 2021 ఫిబ్రవరి మొదలు కార్మికులును నిర్వాసితులును వంతులు వేసికొని, ఎండకును వానకును వెఱవక, సంవత్సరముల తరబడి నిరాహారదీక్షలు సాగించిరి. అట్టి తావున పూర్వుల కీర్తిని మాత్రము పాడుకొని యిండ్లకు మరలుట న్యాయము కాదని నాకు తోచినది. కావున ధనము, దొరతనము, నిరుద్యోగము అను మూడింటికి గల సంబంధమును గూర్చి ప్రసంగింపదలచితిని.

మన తాతల కాలమున పల్లెకొక కొలిమి యుండెడిది. నాగటికఱ్ఱు సాగగొట్టుట, కొడవలికి కక్కు వేయుట, బండిచక్రమునకు ఇనుపకట్టు బిగించుట, ఇవి యా కొలిమి పనులు. పంట కళ్ళమునకు రాగానే కమ్మరికి మేర కొలిచి యిచ్చెడివారు. ఆ మేర సమృద్ధియని నేననను. రైతు ముంగిట చేయి కట్టుకొని నిలువవలసిన దినములును గలవు. కాని పనిలేని కమ్మరి యనుమాట ఊరిలో వినబడెడిది కాదు. పిదప ట్రాక్టరు వచ్చినది. నాగలి అటకెక్కినది. యంత్రములు పోతపోసిన గునపములును కొడవళ్లును అంగళ్లలో చౌకగా దొరకినవి. కొలిమి చల్లారినది. ఇది యెవరో పన్నిన కుట్ర కాదు. దానిని నిందించి ఫలమును లేదు. ఇనుము మూసిన ద్వారమును ఇనుమే తెఱచునని మనవారు తలంచిరి. ఏలయన, అంతకంటె ననేక సహస్రగుణములు పెద్దదియగు కొలిమి యొకటి మన సముద్రతీరముననే వెలయుచుండెను.

ఆ కొలిమి యెట్లు వచ్చినదో మఱువరాదు. 1965లో బ్రిటిషు అమెరికను నిపుణుల కూటమి, ఉక్కు కర్మాగారమునకు విశాఖపట్టణము అనువైన తావని సిఫారసు చేసెను. ఢిల్లీయందు తాత్సారము జరిగెను. 1966 అక్టోబరులో టి. అమృతరావుగారు విశాఖయందు నిరాహారదీక్ష పూనిరి. తెన్నేటి విశ్వనాధముగారి వంటి పెద్దలు ఉద్యమమునకు నాయకులైరి. విద్యార్థులు బడులు విడిచి వీథులకెక్కిరి. 1966 నవంబరు 1వ తేదీన విశాఖలో తుపాకులు ప్రేలెను. ఆ యుద్యమమున రాష్ట్రమంతట 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధిగారు పార్లమెంటునందు కర్మాగారమును ప్రకటించిరి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. 1992 ఆగస్టు 1న పి. వి. నరసింహారావుగారు దానిని జాతికంకితము చేసిరి.

సోదరులారా! ఆ 32 మందిలో ఎవ్వనిచేతను మూలధనము లేదు. తుపాకిగుండు వారి కులమునడుగలేదు. వారికి నినాదము తప్ప వేఱు ఆస్తి లేదు. అయినను ప్రభుత్వము వారి మాట వినవలసి వచ్చినది. ప్రజలు సంఖ్యచేతను త్యాగముచేతను దొరతనమును కదలింపగలరని చెప్పుటకు ఇంతకంటె దగ్గఱి సాక్ష్యము మనకక్కఱలేదు.

ఈ కీర్తి వెనుక నొక ఋణమును గలదు. కర్మాగారము కొఱకు రమారమి 64 గ్రామములు భూములిచ్చినవి. సుమారు 16,000 కుటుంబములు నిర్వాసితములైనవి. వారిలో ఉద్యోగము దొరకినది సగము మందికే. తక్కినవారికి మిగిలినది ఆర్ కార్డనెడి కాగితము. భూమి తండ్రి యిచ్చెను. కాగితమును తనయుడు దాచెను. ఇప్పుడు మనుమడు దానిని చేతబట్టుకొని తిరుగుచున్నాడు. త్యాగముచే గెలిచిన సొత్తునందు సైతము భాగములు సమముగా జరుగలేదని దీనివలన తెలియుచున్నది.

ఇక కర్మాగారపు కష్టములను విచారింతము. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యను పేర్లుగల మూడు కొలుములతో ఏటికి 73 లక్షల టన్నుల ఉక్కు తీయుటకు అది యేర్పడినది. టాటావారికి సొంత ఇనుపగనులు గలవు. ప్రభుత్వమువారిదే యగు సెయిల్ సంస్థకును గలవు. విశాఖ కర్మాగారమునకు మాత్రము సొంత ఇనుపగని లేదు. బైలడిల్లా ఖనిజమును వెలయిచ్చి కొనవలసినదే. దీనికి తోడు విస్తరణకై తెచ్చిన అప్పులు, వాటి వడ్డీలు. ఉక్కు ధర తగ్గిన సంవత్సరములలో గని గలవాడు నిలువగలడు, గని లేనివాడు తూలును. ఇది పనివాని సోమరితనముచే వచ్చిన నష్టము కాదు.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గపు ఆర్థిక వ్యవహారముల ఉపసంఘము, ఈ సంస్థయందలి ప్రభుత్వపు వాటా నూటికి నూఱును అమ్ముటకు సూత్రప్రాయముగా సమ్మతించెను. 2024 సెప్టెంబరులో మూడు కొలుములకు ఒక్కటియే మండినది. 2025 జనవరిలో కేంద్రము 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ సహాయమును ప్రకటించెను. అది సంతోషింపదగినదే. కాని యా సంవత్సరముననే ఒప్పందపు కార్మికులు ననేకులు పని పోగొట్టుకొనిరి. స్థిరోద్యోగులలో పలువురు స్వచ్ఛంద పదవీవిరమణమున వెలుపలికి వచ్చిరి. ఇనుమునకు ప్రాణము పోయుటకు కోట్లు వచ్చినవి. కూలివాని పొయ్యి మాత్రము చల్లారినది.

ఆ నిర్ణయమును ఎవరో ధనమిచ్చి కొనిరని నేనిచట చెప్పుట లేదు. నేను చెప్పునది వేఱు. లక్షలమంది బ్రతుకును మార్చు నిర్ణయము జరుగునపుడు, ఆ గదిలోనికి ఎవరి కంఠస్వరము ప్రవేశించును? ఎవరిది వాకిటనే నిలిచిపోవును? ఇదియే ప్రశ్న.

పూర్వము దీనికి ప్రత్యుత్తరము చట్టముననే వ్రాయబడి యుండెను. 1935 చట్టము క్రింద ఓటుహక్కు ఆస్తి, పన్ను, చదువు మున్నగు అర్హతలు గల కొలదిమందికే యుండెడిది. 1950లో రాజ్యాంగము అమలునకు వచ్చి, వయస్సు వచ్చిన ప్రతివానికిని ఓటునొసగెను. రాజకీయములందు సమానతయు, ఆర్థిక సాంఘిక జీవనమునందు అసమానతయు చిరకాలము కలిసి మనజాలవని డాక్టరు అంబేడ్కరుగారు 1949 నవంబరులోనే రాజ్యాంగసభను హెచ్చరించిరి.

ఆ హెచ్చరిక నేటి లెక్కలతో సరిచూడుడు. ప్రపంచ అసమానతల పరిశోధనశాలవారు 2024లో ప్రకటించిన దానిని బట్టి, 2022–23లో మన దేశమున నూటికొక్కరుగానున్న మహాధనికులు దేశాదాయమున 22.6 శాతమును, దేశసంపదయందు 40.1 శాతమును అనుభవించుచుండిరి. ప్రభుత్వమువారి శ్రామికగణన ప్రకారము 2023–24లో మొత్తముమీద నిరుద్యోగము 3.2 శాతము. పదునైదు మొదలు ఇరువదితొమ్మిదేండ్ల లోపు యువకులలో అది 10.2 శాతము, అనగా మూడింతలు. 2024లో లోక్‌సభకెన్నికైన 543 మందిలో 504 మంది కోటీశ్వరులని, అభ్యర్థులు దాఖలుచేసిన ప్రమాణపత్రములే తెలుపుచున్నవి. ఉద్యోగము వెదకుకొను బాధ యెఱిగినవారు ఆ సభలో ఎందఱుందురో మీరే యూహింపుడు.

ధనము దొరతనమును చేరు మార్గమును గూర్చి యొక నిదర్శనము చాలును. కంపెనీలు తమ మూడేండ్ల సగటు లాభమున 7.5 శాతమునకు మించి రాజకీయ పక్షములకు విరాళమీయరాదని పూర్వమొక కట్టడి యుండెను. 2017లో అది తీసివేయబడినది. 2018లో ఎన్నికల బాండ్లు వచ్చినవి. ఇచ్చినవాని పేరు ప్రజలకు తెలియదు. 2024 జనవరి వఱకు ఇట్లు పదునాఱువేల కోట్ల రూపాయలకు పైబడి పక్షములకు చేరినవి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీముకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ పద్ధతిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసి, పేర్లు బయటపెట్టించినది. ఇచ్చువాడెవ్వడో తెలిసికొనుట ఓటరు హక్కని ఆ తీర్పు సారాంశము.

ఇంతవఱకును ఢిల్లీ మాట చెప్పితిని. ఇకమీదట మన యింటి మాట చెప్పుదును. కోపగింపక వినవలెనని పోషకమహాశయులకు నా మనవి.

మన సంఘమునందు ముందు వరుస ఎవరిది? విరాళమెక్కువ యిచ్చినవారిది. కార్యవర్గమున పదవులెవరివి? వారివే. ఎన్నికల తఱిని అభ్యర్థులు వచ్చి, మీ కులపు ఓట్లెన్నియని యడుగుదురు. నలుగురు పెద్దలు లోపలి గదిలో కూర్చుండి మాట యిత్తురు. బయట జెండాలు మోయువాడు ఐ.టి.ఐ. ముగించి నాలుగేండ్లుగా పనిలేక తిరుగు మన కుఱ్ఱవాడు. ఎన్నిక ముగియును. పెద్దలలో నొకరికి నామినేటెడు పదవి లభించును. మనము పూలదండ వేసి, కులమునకు న్యాయము జరిగినదని సంతోషింతుము. ఆ కుఱ్ఱవాని సంగతి యెవ్వరును తలపరు. పేరు తెలియని దాత ఢిల్లీలో చేయుదానిని నిందించు మనము, లోపలి గదిలోని మాటను సభకు చెప్పకున్నచో, రెంటికిని భేదమేమి?

దాతలు లేనిదే సంఘము నిలుచునాయని కొందఱు ప్రశ్నింపవచ్చును. నిలువదు. పేద విద్యార్థులకు అన్నమిడినవారు, సత్రములు కట్టించినవారు వారే. వారి ఔదార్యమునకు నా నమస్కారము. కాని దానము వేఱు, పెత్తనము వేఱు. దేవాలయమునకు గంట చేయించి యిచ్చినవాడు, తాననుమతించినప్పుడే అది మ్రోగవలెనని శాసింపడు గదా!

మఱికొందఱు, ప్రభుత్వపథకములు లేవాయని యందురు. గలవు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున 18 వృత్తులవారికి పనిముట్ల కొఱకు 15,000 రూపాయల వఱకు సహాయమును, 5 శాతము వడ్డీపై మొదట లక్షయు, పిదప రెండు లక్షలును అప్పుగా నీయబడును. అర్హులందఱును దానిని వినియోగించుకొనవలెను. కాని పనిముట్టు పనిని సృష్టింపజాలదు. కొనువాడు లేనిచోట అప్పు తెచ్చి వస్తువుచేయుట, కమ్మరి వీథిలో సూదులమ్మినట్లే యగును. వస్తువును కొనగల శక్తి ప్రజలకుండవలెను. ఆ శక్తి ఉద్యోగమువలన, న్యాయమైన కూలివలన వచ్చును.

కావున ఈ మహాసభ పరిశీలనకై నాలుగు సూచనలు విన్నవించుచున్నాను.

మొదటిది: సంఘపు ఆదాయవ్యయములు ఏటేట సభలో చదువబడి, ఈ సంచికలో ముద్రింపబడవలెను. ఏ అభ్యర్థినుండియు, ఏ పక్షమునుండియు ఎన్నికల ధనమును సంఘము స్వీకరింపరాదు.

రెండవది: కార్యవర్గమున మూడవవంతు స్థానములు ఒప్పందపు కార్మికులకును, కూలివారికిని, ఉద్యోగములేని యువతీయువకులకును చందాతో నిమిత్తము లేక యీయవలెను.

మూడవది: పాలకులయొద్దకు పోవునపుడు ఒకరికి పదవి యడుగుట మాని, లిఖితపూర్వకముగ ప్రశ్నలడుగవలెను. కర్మాగారమునకు సొంతగని యెప్పుడు? ఖాళీల భర్తీ యెప్పుడు? ఆర్ కార్డుదారుల గతి యేమి? తొలగింపబడిన ఒప్పందపు పనివారికి దారి యేది? ఈ ప్రశ్నలు మన కులమునకు మాత్రమే చెందినవి కావు. వీనిని తక్కిన సంఘములతో గలసియే యడుగవలెను. వచ్చిన ప్రత్యుత్తరములను, రాకున్నచో రాలేదను మాటను, వచ్చు సంచికలో ప్రచురింపవలెను.

నాల్గవది పోషకులకు. గాజువాక ఆటోనగరున కార్ఖానాలును, పట్టణమున నగల దుకాణములును గలవారు మనలో గలరు. వారు మన బిడ్డలను పనినేర్చుకొనువారినిగా చేర్చుకొని, చట్టము నిర్ణయించిన కూలినిచ్చి, భవిష్యనిధి కట్టవలెను. మన దుకాణమునందు చేయని న్యాయమును ఢిల్లీయందు చేయుడని యే నోటితో నడుగుదుము?

మహాజనులారా! ఇనుము చల్లారిన పిదప సమ్మెట యెత్తినచో చేయి నొచ్చునేగాని ఆకారము రాదు. ఇది మన పూర్వులెఱిగిన సత్యము. ఈ కూడలియందలి పందిరి క్రింద సంవత్సరముల తరబడి కూర్చుండినవారి యోర్పు ఇంకను ఎఱ్ఱగానే యున్నది. అది చల్లారకమునుపే మన సంఘమును సరిచేసికొందము. దాతయు, పనిలేని కుఱ్ఱవాడును ఒకే చాపపై గూర్చుండి సమానముగా చేయియెత్తు సభ మనదియైన నాడే, దొరతనమును ప్రశ్నించు నర్హత మనకు గలుగును.

విశ్వకర్మ భగవానుడు మన చేతులకు పనియు, మన మాటకు ధైర్యమును ప్రసాదించుగాక!